కొండమీది ఇంటికి ఎత్తెంత?

వేసవి సెలవులు వచ్చాయంటే ఏదైనా చల్లని కొండప్రాంతానికి వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావాలని ఎవరికి అనిపించదు? మనలో కొందరు అరకులోయకు వెళ్తారు. కొందరు హార్సిలీ కొండలకు వెళ్తారు. ఇంకాస్త ఓపిక ఉన్నవారు ఊటీ దాకా పోతారు. అమెరికాలో ఉండేవాళ్ళు ఇలాంటి సెలవులకు తమ దేశపు పడమటి భాగంలో ఉన్న రాకీ పర్వతాల వైపు చూస్తారు. అందులోనూ కొలరాడో రాష్ట్రం కొండలకు పెట్టింది పేరు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా టెక్సాస్ వంటి పల్లపు రాష్ట్రాల నుంచి కార్లలో అక్కడికి బయలుదేరుతుంటాయి. మీ పిన్నిగారో, మేనమామగారో ఆ దేశంలో ఉంటే దేవదారు చెట్ల మధ్య కొయ్యతో కట్టిన ఇల్లు, దాని వెనుక మంచుకొండ, ముందు పిల్లలు నవ్వుతూ నిలబడిన ఫోటో ఒకటి మీకు పంపే ఉంటారు.

ఆ కొయ్య ఇల్లు వాళ్ళ సొంతం కాదు. కొలరాడో కొండ ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళను రోజుల లెక్కన, వారాల లెక్కన యాత్రికులకు అద్దెకిస్తారు. వంటపాత్రలు, పరుపులు, చలిమంట వేసుకునే పొయ్యి అన్నీ అందులోనే ఉంటాయి. ఇల్లు ఎంచుకునేటప్పుడు పెద్దవాళ్ళు ఏమేమి అడుగుతారు? అద్దె ఎంత? గదులెన్ని? కిటికీలోంచి కొండ కనిపిస్తుందా?

ఇవన్నీ అడగవలసినవే. కాని వీటన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ‘ఆ ఇల్లు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉంది?’ దీనికి జవాబు తెలిస్తే ఆ ఇంట్లో పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుందా, రాత్రి హాయిగా నిద్ర పడుతుందా, మర్నాడు తలనొప్పి వచ్చే అవకాశం ఉందా అన్నవి చాలావరకు ముందే ఊహించవచ్చు. ఎలాగో చూద్దాం.

మెట్లు మెట్లుగా ఉన్న రాష్ట్రం

కొలరాడో రాష్ట్రపు సగటు ఎత్తు సుమారు 2,070 మీటర్లు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో ఇంత సగటు ఎత్తు మరి దేనికీ లేదు. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం అర్మకొండ. దాని ఎత్తు 1,680 మీటర్లు. అంటే మన అతి ఎత్తయిన కొండకొమ్ముకంటే ఆ రాష్ట్రపు సగటు నేలే ఎత్తన్నమాట!

ఈ రాష్ట్రానికి రాజధాని డెన్వర్. ఇది కొండల పాదాల దగ్గర మైదానం మీద ఉంది. అయినా దాని ఎత్తు 1,609 మీటర్లు. మైలుకు సుమారు 1,609 మీటర్లు గనుక దానికి ‘మైలెత్తు నగరం’ అని ముద్దుపేరు. అక్కడి శాసనసభా భవనం మెట్లలో ఒకదాని మీద, ఇక్కడికి మైలెత్తు అని గుర్తు చెక్కి ఉంది. డెన్వర్ దాటి పడమటికి వెళ్ళేకొద్దీ నేల మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. రాకీ పర్వత జాతీయ ఉద్యానవనం గుమ్మంలో ఉన్న ఎస్టెస్ పార్క్ అనే ఊరు దాదాపు 2,290 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఇంచుమించు మన ఊటీ ఎత్తు. బ్రెకెన్‌రిడ్జ్ 2,926 మీటర్లు. లెడ్‌విల్ 3,094 మీటర్లు. వీటి పైన 4,267 మీటర్లు, అంటే 14,000 అడుగులు దాటిన శిఖరాలు 50కి పైగా ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తయిన మౌంట్ ఎల్బర్ట్ 4,400 మీటర్లు.

ఇంత ఎత్తున ఊళ్ళు ఎందుకు వెలిశాయి? గనుల కోసం. 1859లో బ్రెకెన్‌రిడ్జ్ దగ్గర బంగారం, 1870 తరువాతి సంవత్సరాల్లో లెడ్‌విల్ దగ్గర వెండి దొరికాయి. జనం తండోపతండాలుగా వచ్చి కొండల మీదే ఇళ్ళు కట్టుకున్నారు. తరువాత గనులు తగ్గిపోయాయి, యాత్రికులు పెరిగారు. 1973లో కొండను తొలిచి, 3,400 మీటర్ల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగ మార్గాన్ని తెరిచారు. దానితో డెన్వర్ నుంచి బ్రెకెన్‌రిడ్జ్‌కు కారులో రెండు గంటల ప్రయాణం చాలు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కారు రెండు గంటల్లో కొండ ఎక్కేస్తుంది. కాని మన శరీరం ఆ కొండ ‘ఎక్కడానికి’ రెండు మూడు రోజులు పడుతుంది. రెండు గంటలకూ, రెండు రోజులకూ మధ్య ఉన్న ఈ తేడాయే కొండమీది సెలవుల్లో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి కారణం.

కింది పరుపు, పై పరుపు

పది దూది పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చారనుకోండి. అన్నిటికంటే కింద ఉన్న పరుపు పైవాటి బరువుకు అణిగిపోయి దట్టంగా ఉంటుంది. పైన ఉన్నది వదులుగా, గుల్లగా ఉంటుంది. గాలి కూడా అంతే. సముద్రతీరాన ఉన్న గాలి మీద వాతావరణమంతా బరువు మోపుతుంది. పైకి వెళ్ళినకొద్దీ నెత్తిన ఉన్న గాలి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, గాలి పలచబడుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. కొండమీది గాలిలో ఆక్సిజన్ పాలు తక్కువ అనుకుంటారు. అది నిజం కాదు. తీరంలోనైనా, శిఖరం మీదనైనా గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళే. తగ్గేది మొత్తం గాలి. ఒక్క గుక్క పీల్చితే లోపలికి వెళ్ళే గాలి కణాల సంఖ్య తగ్గుతుంది, వాటితోపాటు ఆక్సిజన్ కణాలూ తగ్గుతాయి. పెద్ద గ్లాసు పాలకు బదులు చిన్న గ్లాసు పాలు ఇచ్చినట్లు! పాల చిక్కదనం అదే, పరిమాణమే తక్కువ.

కింది లెక్కలు చూడండి. సముద్రతీరపు ఒత్తిడిని 100గా తీసుకొని వేసిన సుమారు లెక్కలివి.

విశాఖ సముద్రతీరం – ఒత్తిడి 100 – నీరు మరిగేది 100 డిగ్రీల సెంటిగ్రేడు
హైదరాబాదు, 540 మీటర్లు – ఒత్తిడి 94 – నీరు మరిగేది 98 డిగ్రీలు
డెన్వర్, 1,609 మీటర్లు – ఒత్తిడి 83 – నీరు మరిగేది 95 డిగ్రీలు
లెడ్‌విల్, 3,094 మీటర్లు – ఒత్తిడి 69 – నీరు మరిగేది 90 డిగ్రీలు
పైక్స్ పీక్ శిఖరం, 4,302 మీటర్లు – ఒత్తిడి 60 – నీరు మరిగేది 86 డిగ్రీలు

వంటింట్లో మొదటి పాఠం

చివరి అంకెలు చూస్తే మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని గదా మన పుస్తకంలో ఉంది! అది సముద్రమట్టం దగ్గరి మాట. నీటి ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సమానమైనప్పుడు నీరు మరుగుతుంది. బయటి ఒత్తిడి తక్కువైతే ఆవిరికి అంత బలం అక్కరలేదు, తక్కువ వేడికే బుడగలు లేస్తాయి. సుమారు 300 మీటర్లు ఎక్కితే మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది.

లెడ్‌విల్‌లో అద్దెకు దిగిన ఇంట్లో కందిపప్పు మామూలు గిన్నెలో పెట్టారనుకోండి. నీళ్ళు తెర్లుతూనే ఉంటాయి, పప్పు మాత్రం బద్దలుగానే ఉంటుంది. మంట పెంచినా లాభం లేదు. నీరు 90 డిగ్రీలు దాటదు, ఎక్కువ మంటకు నీళ్ళు త్వరగా ఇగిరిపోతాయి, అంతే. దీనికి మందు మన అందరి ఇళ్ళలో ఉన్న ప్రెషర్ కుక్కరే. కుక్కరు మీది బరువు, బయటి ఒత్తిడికి అదనంగా ఇంచుమించు మరో వాతావరణపు ఒత్తిడిని లోపల నిలబెడుతుంది. అందువల్ల తీరంలో దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్ళే నీరు లెడ్‌విల్‌లో 115 డిగ్రీల దాకా వెళ్తుంది. తేడా అయిదారు డిగ్రీలే. ఒక కూత అదనంగా రానిస్తే సరి.

వాగు నీళ్ళు తాగవలసి వచ్చినప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కొండవాగు అద్దంలా మెరుస్తున్నా అందులో జియార్డియా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది అడవి జంతువుల మలం ద్వారా నీటిలో చేరి విరేచనాలు కలిగిస్తుంది. మైదానాల్లో నీరు తెర్లిన తరువాత ఒక నిమిషం కాచితే చాలు. 2,000 మీటర్లు దాటిన చోట మూడు నిమిషాలు కాచాలి. నీరు తక్కువ వేడికే మరుగుతుంది గనుక ఆ లోటును సమయంతో పూరించాలి.

ఇంకో వింత. కింద కొన్న బంగాళాదుంప చిప్సు పొట్లం కొండమీదికి చేరేసరికి బుడగలా ఉబ్బి ఉంటుంది. పొట్లంలో ఉన్నది కింది గాలి, చుట్టూ ఉన్నది పైగాలి. బాయిల్ నియమానికి ఇంతకంటే రుచికరమైన ఉదాహరణ దొరకదు!

రక్తంలో రెండవ పాఠం

పప్పుకు కుక్కరు ఉంది. మరి మనకు?

మనం పీల్చిన ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల నుంచి ఒంటికంతటికీ మోసేది ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా రోజుల్లో మీ ఇంట్లో కూడా వేలికి చిన్న పరికరం తగిలించి అంకె చూసి ఉంటారు. దాని పేరు పల్స్ ఆక్సీమీటరు. హీమోగ్లోబిన్‌లో నూటికి ఎంత భాగం ఆక్సిజన్‌తో నిండి ఉన్నదో అది చెబుతుంది. మైదానంలో ఆరోగ్యవంతులకు అది 95 దాటి ఉంటుంది. 3,000 మీటర్ల ఎత్తుకు అప్పుడే వచ్చినవారిలో 90 దగ్గరికి దిగుతుంది.

శరీరం వెంటనే గుర్తిస్తుంది. ఊపిరి వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది. కాని ఊపిరి ఎక్కువగా తీస్తే కార్బన్ డై ఆక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది. అది పోతే రక్తానికి క్షారగుణం కాస్త పెరుగుతుంది. అప్పుడు మెదడులోని శ్వాసకేంద్రం ‘ఇక చాలు, నెమ్మదించు’ అంటుంది. ఒకవైపు ‘తొందరగా పీల్చు’, ఇంకోవైపు ‘నెమ్మదించు’. ఈ పేచీ రాత్రి నిద్రలో బయటపడుతుంది. పడుకున్నవారి ఊపిరి కొన్ని సెకన్లు ఆగిపోయి, మళ్ళీ ఒక్కసారిగా గట్టిగా వస్తుంది. మొదటి రాత్రి కొండమీద పదేపదే మెలకువ రావడానికి ఇదొక కారణం.

ఈ పేచీ తీర్చేది మూత్రపిండాలు. అవి రెండు మూడు రోజుల్లో ఎక్కువైన క్షారాన్ని మూత్రంలో బయటికి పంపుతాయి. అప్పుడు శ్వాస అడ్డులేకుండా పెరుగుతుంది. కొత్త ఎర్ర రక్తకణాలు తయారై రక్తం చిక్కబడడానికి మాత్రం వారాలు పడుతుంది. ఇలా శరీరం ఎత్తుకు అలవాటు పడడాన్నే పర్వతానుకూలనం అనవచ్చు.

ఆ రెండు మూడు రోజులలోపు తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం రావచ్చు. దీన్ని పర్వతవ్యాధి అంటారు. కొలరాడోలో 1,900 నుంచి 2,900 మీటర్ల ఎత్తున ఉన్న విహార కేంద్రాలకు వచ్చిన 3,158 మంది యాత్రికులను అడిగి తెలుసుకొన్న వివరాలు 1993లో ప్రచురితమయ్యాయి. వారిలో నూటికి 25 మందికి ఈ లక్షణాలు కనిపించాయి. అంటే నలుగురున్న ఇంట్లో సగటున ఒకరికి! ‘నేను రోజూ కబడ్డీ ఆడతాను, నాకు రాదు’ అనుకోకండి. కండబలం ఉన్నవారికీ వస్తుంది. పైగా వారు ఉత్సాహంకొద్దీ మొదటి రోజే పరుగెత్తి ముందుగా పడకేస్తారు.

శిఖరం మీద అయిదు వారాలు

ఈ సంగతులు మనకు ఊరికే తెలియలేదు. 1911 వేసవిలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన సహచరుడు డగ్లస్, అమెరికా శాస్త్రజ్ఞులు హెండర్సన్, ష్నైడర్ కలిసి కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరం చేరారు. అక్కడే ఎందుకు? ఆ శిఖరానికి 1891 నుంచే పళ్ళచక్రాల రైలు ఉంది. పైన ఒక విశ్రాంతి గృహం ఉంది. ఎక్కే శ్రమ లేకుండానే 4,302 మీటర్లు చేరవచ్చు గనుక, కనిపించే మార్పులు అలసట వల్ల వచ్చాయా, ఎత్తు వల్ల వచ్చాయా అన్న సందేహం ఉండదు. చక్కని ప్రయోగానికి ఇదే లక్షణం. ఒక్క కారణాన్నే మార్చి, తక్కినవి మార్చకుండా ఉంచాలి.

వారు అక్కడ అయిదు వారాలు కాపురం ఉన్నారు. తమ శ్వాసనూ, రక్తాన్నీ తామే పరీక్షించుకున్నారు. మొదటి రోజుల్లో వారికీ తలనొప్పి, వికారం తప్పలేదు. తరువాత సర్దుకున్నాయి. శ్వాస పెరిగింది, హీమోగ్లోబిన్ పెరిగింది. రైలులో పైకి వచ్చిన యాత్రికుల్లో కొందరు పెదవులు నీలంగా మారి, వాంతులు చేసుకోవడం కూడా వారు చూశారు. కింది నుంచి గంటల్లో వచ్చినవారు అలా బాధపడుతుంటే, వారాలుగా అక్కడే ఉన్న శాస్త్రజ్ఞులు మామూలుగా తిరుగుతున్నారు. ఇద్దరూ పీల్చేది ఒకే గాలి!

ఆ బృందంలో అయిదవ వ్యక్తి ఒకరున్నారు. ఆమె పేరు మేబుల్ ఫిట్జ్‌జెరాల్డ్. ఆమె శిఖరం మీద ఉండలేదు. విడిగా కొలరాడో గని గ్రామాలకు తిరిగి, వేర్వేరు ఎత్తుల్లో స్థిరంగా నివసించేవారి శ్వాసనూ, రక్తాన్నీ కొలిచారు. ఒక మోస్తరు ఎత్తున ఉన్న ఊళ్ళలో కూడా, ఎత్తుకు తగినట్లుగా ఈ మార్పులు ఉంటాయని ఆమె లెక్కలు చూపించాయి. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలు ఇచ్చేది కాదు. ఆమెకు ఆ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది 1972లో, ఆమెకు నూరేళ్ళు నిండిన తరువాత!

ఎక్కడ పడుకోవాలి?

ఇప్పుడు మళ్ళీ మన అద్దె ఇంటి దగ్గరికి వద్దాం. ఎత్తు విషయంలో పగలు ఎంత పైకి వెళ్ళామన్న దానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం. నిద్రలో శ్వాస నెమ్మదిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. అందుకే పర్వతారోహకులు పగలు పైకెక్కినా, పడుకోవడానికి కిందికి దిగివస్తారు.

పల్లపు ప్రాంతం నుంచి వచ్చేవారు మొదటి రోజే 2,750 మీటర్ల కంటే పైన పడుకోకుండా ఉండడం మంచిదని వైద్యులు చెబుతారు. 3,000 మీటర్లు దాటిన తరువాత పడుకునే చోటును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు. ఈ లెక్క ప్రకారం డాలస్ నుంచి వచ్చే కుటుంబం ఏం చేయాలి? మొదటి ఒకటి రెండు రాత్రులు డెన్వర్‌లోనో, ఎస్టెస్ పార్క్‌లోనో ఉండాలి. ఆ తరువాత బ్రెకెన్‌రిడ్జ్ వంటి చోటికి వెళ్ళాలి. అక్కడి నుంచి శిఖరాలు చూసి రావచ్చు. నేరుగా లెడ్‌విల్‌లో ఇల్లు తీసుకుంటే మొదటి రెండు రోజుల అద్దె తలనొప్పితో పడుకోవడానికి కట్టినట్లే కావచ్చు.

తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్ళకూడదు. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, తూలుతూ నడవడం, మాట తడబడడం కనిపిస్తే రాత్రి అయినా సరే ఆలస్యం చేయకుండా దిగి, వైద్యుని దగ్గరికి వెళ్ళాలి. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఒకటుంది. కొలరాడోలోని ఆస్పెన్‌లో పనిచేసిన వైద్యుడు, పర్వతారోహకుడు చార్లెస్ హ్యూస్టన్ 1960లో దాన్ని గురించి ప్రచురించిన వ్యాసంతో ఈ వ్యాధి వైద్యలోకం దృష్టికి బాగా వచ్చింది. అంతకుముందు దీన్ని చాలాచోట్ల న్యుమోనియా అని పొరబడేవారు. దీనికి మొదటి వైద్యం ఆక్సిజన్ ఇవ్వడం, కిందికి దించడం.

గోడకు ఉండవలసిన చిన్న పెట్టె

తలనొప్పి, వికారం అంటే ప్రతిసారీ ఎత్తే కారణమని అనుకోవచ్చునా? కూడదు. అవే లక్షణాలతో వచ్చే శత్రువు ఇంకొకటి ఉంది. అది కార్బన్ మోనాక్సైడ్. కట్టెలు, గ్యాసు వంటివి సరిగా కాలనప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అసలే ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తంలో ఉన్న కాస్త చోటునూ ఇది ఆక్రమిస్తుంది.

చలికి తలుపులు బిగించి, పొయ్యిలూ, బాయిలర్లూ వెలిగించే కొండ ఇళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. 2008 నవంబరులో ఆస్పెన్ దగ్గర ఒక ఇంట్లో సెలవులకు దిగిన తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఈ వాయువు వల్ల మరణించారు. ఆ మరుసటి సంవత్సరం, 2009లో, కొలరాడో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఇంధనం మండించే పొయ్యిలు ఉన్న ఇంటిని అమ్మేటప్పుడు గాని, అద్దెకిచ్చేటప్పుడు గాని పడకగదుల దగ్గర ఈ వాయువును పసిగట్టి మోగే పెట్టె ఉండి తీరాలి. అరచేయంత పెట్టె అది. కొండ ఇంట్లో అడుగుపెట్టగానే మంచుకొండ కనిపించే కిటికీకంటే ముందు దాన్ని వెతకాలి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వస్తే తగ్గుతుంటే అనుమానించవలసింది ఈ వాయువునే. మన ఊళ్ళలో కూడా చలికాలం మూసిన గదిలో కుంపటి పెట్టుకున్నా, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగించినా ఇదే ప్రమాదం.

ఈ వాయువు గుట్టును బయటపెట్టిన వారిలో ముఖ్యుడు ఎవరో తెలుసా? పైక్స్ పీక్ మీద అయిదు వారాలున్న ఆ హాల్డేనే! బొగ్గుగనుల పేలుళ్ళలో ఎక్కువమంది చనిపోయేది దెబ్బల వల్ల కాదు, ఈ వాయువు వల్లనని ఆయన 1896లో నిరూపించారు. గనుల్లోకి కానరీ పిట్టలను తీసుకువెళ్ళి, అవి సొమ్మసిల్లితే మనుషులు బయటికి రావాలని సూచించింది ఆయనే. ఆయన కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ కూడా గొప్ప జీవశాస్త్రజ్ఞుడు. 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినప్పుడు ఆయన దేహాన్ని, ఆయన కోరిక ప్రకారం, కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. కొలరాడో శిఖరానికీ, మన కాకినాడకూ ఇలా ఒక చుట్టరికం ఉంది.

మధ్యాహ్నంలోగా దిగాలి

ఇల్లు సరిగా ఎంచుకున్నాం. ఒళ్ళు అలవాటు పడింది. ఇక కొండ ఎక్కుదామా? ఆగండి, గడియారం చూడండి.

జూలై, ఆగస్టు నెలల్లో మనకు లాగానే ఉత్తర అమెరికా నైరుతి భాగానికీ ఒక రకం రుతుపవనాలు వస్తాయి. తేమగాలి కొండల్లో చేరుతుంది. ఉదయం ఎండకు కొండవాలులు వేడెక్కి ఆ గాలిని పైకి తోస్తాయి. మధ్యాహ్నానికి ఉరుములు, మెరుపులు, పిడుగులు. కొలరాడోలో 3,500 మీటర్లు దాటితే చలికి చెట్లు పెరగవు. అక్కడ నిలబడిన మనిషే అన్నిటికంటే ఎత్తయిన వస్తువు. అందుకే అక్కడివారు తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టి మధ్యాహ్నంలోగా చెట్లున్న చోటికి దిగివస్తారు.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. కాని దూరం లెక్క తేలేదాకా ఆగవద్దు. ఉరుము వినిపించిందంటే పిడుగు మనల్ని అందుకోగలదనే అర్థం. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. ఇల్లు గాని, అద్దాలు మూసిన కారు గాని క్షేమం.

కొండమీది ఎండ చల్లగా ఉన్నట్లే ఉంటుంది. నమ్మకండి. ఎక్కిన ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, కాని చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు నూటికి పది పాళ్ళు పెరుగుతాయి. వాటిని వడకట్టే గాలి పలచన గదా! కొత్తగా కురిసిన మంచు వాటిలో నూటికి 80 పాళ్ళ వరకు తిరిగి మన మొహం మీదికే కొడుతుంది. టోపీ, నల్లకళ్ళద్దాలు అక్కడ షోకు కాదు, అవసరం.

మీరే చేసి చూడండి

కొలరాడో వెళ్ళకుండానే కొండమీది మరుగుడును తరగతి గదిలో చూడవచ్చు. సూది లేని ప్లాస్టిక్ సిరంజి ఒకటి తీసుకోండి. మీ ఉపాధ్యాయుల సమక్షంలో, 60 డిగ్రీల దాకా వేడిచేసిన నీటిని దానిలో అయిదో వంతు నింపండి. లోపలి గాలిని బయటికి తోసి, మొనను రబ్బరు బిరడాతో గట్టిగా మూయండి. ఇప్పుడు ముషలకాన్ని బలంగా వెనక్కి లాగండి. నీరు తెర్లుతుంది! మంట లేదు, వేడి పెరగలేదు. తగ్గింది ఒత్తిడి మాత్రమే. ముషలకాన్ని వదలండి, మరుగుడు ఆగిపోతుంది. మీ చేతిలో ఉన్న సిరంజిలో ఒక కొండ ఎక్కి దిగారన్నమాట.

మన బదరీనాథ్ ఎత్తు సుమారు 3,100 మీటర్లు. అంటే అచ్చంగా లెడ్‌విల్ ఎత్తు. కేదారనాథ్ 3,583 మీటర్లు. విమానంలో గంటల్లో చేరే లేహ్ సుమారు 3,500 మీటర్లు. మన ఊళ్ళ నుంచి ఏటా ఎందరో పెద్దవాళ్ళు ఆ యాత్రలకు వెళ్తారు. ఈ ఏడాది మీ తాతగారో, నాయనమ్మగారో బయలుదేరుతుంటే వారి పక్కన కూర్చోండి. ఏ రాత్రి ఏ ఊళ్ళో బసో ఒక కాగితం మీద వ్రాయండి. ఊరి పేరు పక్కన దాని ఎత్తు వ్రాయండి. అంకెలు ఒక్కసారిగా ఎగిరిపడుతుంటే మధ్యలో ఒక రాత్రి ఆగమని చెప్పండి.